చెక్కపొడి సేకరణ (రౌటర్ బల్ల)

చెక్కపొడి సేకరణ అనగా కొయ్యను కోసేటప్పుడు, తొలిచేటప్పుడు వెలువడే పొట్టును, సన్నని ధూళిని అవి గదిలోని గాలిలో కలిసిపోకముందే పీల్చి ఒకచోట చేర్చే ఏర్పాటు. ఇంటివద్ద నడిపే చిన్న వడ్రంగి పనిశాలలో రౌటర్ బల్లకు ఈ ఏర్పాటును ఎలా సమకూర్చుకోవచ్చునో ఈ వ్యాసం వివరిస్తుంది. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పొడి వాతావరణం గల ప్రాంతాలకు అనువైన పద్ధతికి ఇందులో ప్రాధాన్యమివ్వబడినది. పనిశాల శుభ్రంగా కనిపించడం ఈ ఏర్పాటు యొక్క ప్రధాన లక్ష్యం కాదు. కంటికి కనిపించని సన్నని ధూళి పనివాని ఊపిరితిత్తులలోకి, ఇంటిలోని పిల్లల, వృద్ధుల ఊపిరిలోకి చేరకుండా చూడడమే అసలు లక్ష్యం.

రౌటర్ బల్ల

రౌటర్ అనేది విద్యుత్తుతో నడిచే తొలిచే యంత్రం. దీనికి బిగించిన బిట్టు నిమిషానికి సుమారు 10,000 నుండి 25,000 సార్లు తిరుగుతూ చెక్కలో గాడులు తీస్తుంది, అంచులకు ఆకారం ఇస్తుంది. చేతితో పట్టుకొని వాడే రౌటర్‌ను తలకిందులుగా ఒక బల్ల అడుగున బిగించి, బిట్టు మాత్రమే బల్లపైకి వచ్చేలా అమరిస్తే అది రౌటర్ బల్ల అవుతుంది. బల్లపై చెక్కను ఆనించి నెట్టడానికి నిలువుగా ఉండే పట్టీని ఫెన్సు అంటారు. తలుపుల చట్రాలు, కిటికీ రెక్కలు, అలమారాల అంచులు తయారుచేయడానికి ఈ బల్ల ఉపయోగపడుతుంది.

పూర్వం వడ్రంగులు బాడిస, ఉలి, చిత్రిక వంటి చేతి పనిముట్లతో, ఎక్కువగా చెట్టునీడనో వసారాలోనో పనిచేసేవారు. చిత్రిక పట్టినప్పుడు పొరలు పొరలుగా లేచే చెక్క నేలమీద పడిపోతుంది. రౌటర్ బిట్టు అదే చెక్కను అతి చిన్న ముక్కలుగా కొడుతుంది. అందుచేత పొరల స్థానంలో పొడి వస్తుంది. పని కూడా ఆరుబయటి నుండి నాలుగు గోడల మధ్యకు మారినది. ఈ రెండు మార్పులూ కలిసినందువలన ధూళి సమస్య తీవ్రమైనది.

ధూళి పరిమాణం

చెక్క నుండి వెలువడే రేణువులు అనేక పరిమాణాలలో ఉంటాయి. వీటిని మైక్రాన్లలో కొలుస్తారు. ఒక మైక్రాన్ మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మనిషి వెంట్రుక మందం సుమారు 50 నుండి 100 మైక్రాన్లు. 10 మైక్రాన్ల కంటే చిన్నవైన రేణువులు ముక్కు, గొంతు దాటి ఛాతీలోకి పోగలవు. సుమారు 4 మైక్రాన్ల కంటే చిన్నవి ఊపిరితిత్తుల చివరనున్న గాలి గదుల వరకు చేరగలవు.

రేణువు పడిపోయే వేగం దాని వ్యాసం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని స్టోక్స్ సూత్రం తెలుపుతుంది. అనగా వ్యాసం పదోవంతు అయితే వేగం నూరోవంతు అవుతుంది. ఈ లెక్క ప్రకారం, నిశ్చలమైన గాలిలో ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుండి నేలకు చేరడానికి పట్టే కాలం ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది:

* 100 మైక్రాన్ల రేణువు: కొన్ని సెకన్లు
* 10 మైక్రాన్ల రేణువు: సుమారు 12 నిమిషాలు
* 2.5 మైక్రాన్ల రేణువు: 3 గంటలకు పైగా
* 1 మైక్రాన్ రేణువు: సుమారు 20 గంటలు

గదిలో పంకా తిరుగుతున్నా, మనుషులు నడుస్తున్నా ఈ కాలం ఇంకా పెరుగుతుంది. పని ముగిసి, నేల ఊడ్చి, మాస్కు తీసివేసిన తరువాత కూడా ఆ గదిలోని గాలి శుభ్రపడదని దీనినిబట్టి తెలుస్తుంది.

ఎంత ధూళి హానికరం

అమెరికాకు చెందిన వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం, పనిదినపు సగటుగా ఘనపు మీటరు గాలిలో 1 మిల్లీగ్రాముకు మించి చెక్కధూళి ఉండరాదు. ఐరోపా సమాఖ్యలో గట్టి చెక్కల ధూళికి విధించిన పరిమితి 2023 జనవరి నుండి 2 మిల్లీగ్రాములు.

ఈ అంకెల అర్థం ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు గల గదిలో 36 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. ఘనపు మీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున గది మొత్తానికి 36 మిల్లీగ్రాములు. ఇది చిటికెడు ఉప్పు బరువులో సుమారు పదోవంతు. ఇక టేకు చెక్కలో 12 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. లోతుతో ఒక మీటరు పొడవు గాడి తీస్తే 120 ఘనపు సెంటీమీటర్ల చెక్క, అనగా సుమారు 78 గ్రాములు పొడి అవుతుంది. ఇందులో రెండువేల వంతులలో ఒక వంతు మాత్రమే గాలిలో తేలియాడినా, ఆ గదిలోని గాలి నియోష్ చెప్పిన స్థాయికి చేరుతుంది. కాబట్టి నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు పొట్టు సంచిలో పడినదని సంతృప్తి చెందడానికి వీలులేదు. మిగిలిన ఒక్క పాలు ఎక్కడికి పోయినదన్నదే ముఖ్యమైన ప్రశ్న.

ఆరోగ్యంపై ప్రభావం

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ పరిసరాలలో కుర్చీలు, బల్లలు తయారుచేసే కార్మికులలో ముక్కు లోపలి భాగానికి, దాని చుట్టూ ఉండే గాలి గదులకు అరుదైన క్యాన్సర్ ఎక్కువగా వస్తున్నట్లు 1960లలో వైద్యులు గుర్తించారు. దీనిపై అచెసన్, హాడ్‌ఫీల్డ్ తదితరుల పరిశోధన 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్కధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఈ వ్యాధి బయటపడడానికి సాధారణంగా దశాబ్దాలు పడుతుంది.

క్యాన్సర్ కంటే తరచుగా కనిపించేవి ఉబ్బసం, దీర్ఘకాలపు జలుబు, కళ్ళమంట, చర్మంపై దద్దుర్లు. టేకులోను, జిట్రేగిలోను సహజంగా ఉండే క్వినోను రసాయనాల వలన కొందరికి చర్మం ఎర్రబడి దురద పుడుతుంది. ఎండిఎఫ్ అట్టలు, ప్లైవుడ్ వంటివాటిలో చెక్కతో పాటు ఫార్మాల్డిహైడ్ కలిసిన జిగురు ఉంటుంది. ఎండిఎఫ్ నుండి వచ్చే పొడి అతి సన్ననిది కనుక దాని విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

కడప జిల్లాలో ధూళి నివారణ పద్ధతులు

ధూళి కడప జిల్లా ప్రజలకు కొత్త కాదు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పరిసరాలలో నాపరాళ్ళు తవ్వి, కోసి, నునుపు చేసే పరిశ్రమ ఉన్నది. ఎర్రగుంట్ల, చిలంకూరు ప్రాంతాలలో సిమెంటు కర్మాగారాలు వెలసినవి. పులివెందుల ప్రాంతంలోని బ్రాహ్మణపల్లె వద్ద పూర్వం రాతినారను తవ్వేవారు. రాతినార, స్ఫటిక సిలికా వంటి ఖనిజాల ధూళి ఊపిరితిత్తులకు చేసే హాని వైద్యశాస్త్రంలో చాలాకాలంగా తెలిసినదే. చెక్క మాత్రం చెట్టునుండి వచ్చినది గనుక దాని పొడి వలన ప్రమాదం లేదనే భావన వాడుకలో ఉన్నది. పై పరిశోధనలు ఈ భావన సరికాదని తెలుపుతున్నాయి.

రాయి కోసేటప్పుడు రంపంపై నీరు పారించి ధూళిని అణచవచ్చును. చెక్కకు ఈ పద్ధతి పనికిరాదు. నీటికి చెక్క ఉబ్బుతుంది, విద్యుత్ పనిముట్టు ప్రమాదకరమవుతుంది. అందువలన చెక్కపొడిని గాలితో పీల్చడమే మార్గం. ఈ విషయంలో సిమెంటు కర్మాగారం మంచి నమూనా. దూరం నుండి కనిపించే దాని ఎత్తైన గోపురంలో ఒకదానిపై ఒకటిగా అమర్చిన సైక్లోన్లు ఉంటాయి. వేడి వాయువులతో ముడిపొడిని వేడిచేసి, ఆ పొడిని వాయువు నుండి వేరుచేయడం వాటి పని. సైక్లోన్లకు చిక్కని సన్నని పొడిని సంచుల వడపోత గదులు, విద్యుత్ అవక్షేపకాలు ఆపుతాయి. ముందు ముతక పొడిని వేరుచేసి, తరువాత సన్నని పొడిని వడకట్టే ఈ క్రమాన్నే చిన్న స్థాయిలో ఇంటి పనిశాలలోను అనుసరించవచ్చును.

పొడిని పట్టే రెండు ద్వారాలు

ధూళిని అది పుట్టిన చోటనే పట్టుకోవలెను. ఒకసారి గదిలో వ్యాపించిన తరువాత దానిని తిరిగి సేకరించడం కష్టం. రౌటర్ బల్లపై పొడి రెండు చోట్ల వెలువడుతుంది కనుక రెండు ద్వారాలు అవసరం.

* ఫెన్సు ద్వారం: చెక్క అంచును తొలిచేటప్పుడు పొడిలో ఎక్కువ భాగం బల్లపైకి, ఫెన్సు వైపుకు ఎగురుతుంది. ఫెన్సులో బిట్టు ఉండే ఖాళీకి సరిగ్గా వెనుక చిన్న పెట్టెను బిగించి దానికి గొట్టం కలపవలెను. ఫెన్సు రెక్కలను బిట్టుకు తగలకుండా వీలైనంత దగ్గరగా జరిపితే పీల్పు బలపడుతుంది.
* అడుగు పెట్టె: చెక్క మధ్యలో గాడి తీసేటప్పుడు బిట్టు చెక్క కిందనే దాగి ఉంటుంది. అప్పుడు ఫెన్సు ద్వారం వలన ప్రయోజనం తక్కువ. పొడి గాడిలో నిండి, బిట్టు చుట్టూ ఉన్న సందు గుండా కిందికి రాలుతుంది. అందుచేత రౌటర్ చుట్టూ ప్లైవుడ్‌తో పెట్టె కట్టి, దాని వెనుక భాగంలో పెద్ద గొట్టం అమర్చవలెను.

అడుగు పెట్టెను పూర్తిగా మూసివేయరాదు. రౌటర్ మోటారు చల్లబడడానికి గాలి కావలెను. పెట్టె ముందు భాగంలో, గొట్టానికి ఎదురుగా గాలి వచ్చే రంధ్రాలు ఉంచితే ఆ గాలి మోటారును తాకుతూ పొడిని వెనుకకు తోసుకుపోతుంది. కడప జిల్లాలో వేసవి ఉష్ణోగ్రతలు 40 డిగ్రీల సెల్సియస్ దాటుతాయి కాబట్టి ఈ రంధ్రాల విషయంలో లోపం ఉంటే మోటారు త్వరగా కాలిపోయే అవకాశం ఉన్నది. పెట్టె అడుగును గొట్టం వైపు ఏటవాలుగా పెడితే మూలల్లో పొట్టు పేరుకోదు.

పీల్చే యంత్రం

పీల్చే యంత్రాలు ప్రధానంగా రెండు రకాలు. వ్యాక్యూమ్ క్లీనర్ బలంగా పీలుస్తుంది కానీ తక్కువ గాలిని లాగుతుంది. దాని సన్నని గొట్టం ఫెన్సు ద్వారానికి సరిపోతుంది. డస్ట్ కలెక్టర్ అనే పెద్ద పంకా యంత్రం తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలిని లాగుతుంది. అడుగు పెట్టెకు ఇది అనుకూలం.

పొట్టు గొట్టంలో ఆగిపోకుండా ప్రయాణించడానికి గాలి వేగం సెకనుకు సుమారు 20 మీటర్లు ఉండవలెను. 100 మి.మీ. లోపలి వ్యాసం గల గొట్టంలో ఈ వేగానికి గంటకు సుమారు 565 ఘనపు మీటర్ల గాలి అవసరం. 63 మి.మీ. గొట్టానికి గంటకు సుమారు 225 ఘనపు మీటర్లు చాలును. యంత్రంపై ముద్రించే అంకె సాధారణంగా గొట్టం, సంచి లేకుండా కొలిచినది. వాస్తవంలో లభించే ప్రవాహం దానికంటే బాగా తక్కువ ఉంటుంది.

గొట్టాలు

మురుగునీటికి వాడే పివిసి గొట్టాలు 75 మి.మీ., 110 మి.మీ. పరిమాణాలలో పట్టణాలలోని హార్డ్‌వేర్ అంగళ్లలో లభిస్తాయి. ప్రధాన గొట్టంగా 110 మి.మీ. గొట్టం తగినది. అమర్చేటప్పుడు గమనించవలసిన విషయాలు:

* గొట్టం వీలైనంత పొట్టిగా, తిన్నగా ఉండవలెను.
* 90 డిగ్రీల మలుపు ఒకటి పెట్టడం కంటే 45 డిగ్రీల మలుపులు రెండు పెట్టడం మేలు.
* శాఖ గొట్టాన్ని ప్రధాన గొట్టానికి అడ్డంగా కాక, గాలి పోయే దిశలో ఏటవాలుగా కలపవలెను.
* ముడతలు గల మెత్తని గొట్టం గాలిని బాగా నిరోధిస్తుంది. దానిని బల్ల వద్ద అవసరమైనంత మేరకే వాడవలెను.
* రెండు ద్వారాలకు ఒకే యంత్రం ఉన్నప్పుడు ఒక్కొక్కదానికి తెరిచి మూసే పలక అమర్చి, చేసే పనిని బట్టి గాలిని మళ్ళించవలెను.

సైక్లోన్

సైక్లోన్ అనేది గరాటు ఆకారం గల పాత్ర. పొడితో కూడిన గాలి దీనిలోకి పక్కనుండి ప్రవేశించి సుడులు తిరుగుతుంది. బరువైన రేణువులు గోడవైపుకు నెట్టబడి కిందనున్న డబ్బాలోకి జారిపోతాయి. గాలి మధ్యనున్న గొట్టం గుండా పైకి పోతుంది. రంపపు మిల్లులలో వాడే ఈ సూత్రాన్నే బ్రిటన్‌కు చెందిన జేమ్స్ డైసన్ ఇంటి వ్యాక్యూమ్ క్లీనర్‌కు అన్వయించి, 5,127 నమూనాలు తయారుచేసిన తరువాత సఫలుడయ్యాడు.

ఇంటి పనిశాలలో చిన్న ప్లాస్టిక్ సైక్లోన్‌ను ఒక గట్టి డబ్బా మూతపై బిగించి, రౌటర్ బల్లకూ వ్యాక్యూమ్ క్లీనర్‌కూ మధ్య అమర్చుతారు. దీనివలన వడపోత త్వరగా మూసుకుపోదు, పీల్పు తగ్గదు. డబ్బా మూత గాలి చొరకుండా బిగుతుగా ఉండవలెను. సన్నని గోడలు గల డబ్బా, గొట్టం మూసుకుపోయినప్పుడు లోపలికి నొక్కుకుపోతుంది. సైక్లోన్ ముతక పొట్టును బాగా వేరుచేస్తుంది కానీ హానికరమైన సన్నని ధూళిలో కొంత భాగం దానిని దాటిపోతుంది. అందుచేత సైక్లోన్ ఒక్కటే చాలదు.

వడపోత, బయటికి పంపడం

చవక యంత్రాలకు వచ్చే గుడ్డసంచి సుమారు 30 మైక్రాన్ల కంటే పెద్ద రేణువులనే ఆపగలదు. అంతకంటే సన్ననివి సంచి గుండా బయటపడతాయి. అప్పుడు ఆ యంత్రం పొట్టును సంచిలో నింపుతూ, సన్నని ధూళిని గది అంతా చల్లుతుంది. 1 మైక్రాన్ వరకు ఆపే సంచి గానీ, 0.3 మైక్రాన్ రేణువులలో నూటికి 99.97 పాళ్ళు ఆపే హెపా వడపోత గానీ ఉన్న యంత్రాన్ని ఎన్నుకోవలెను.

శీతల దేశాలలో వేడిచేసిన గాలిని బయటికి వదలడం ఖర్చుతో కూడిన పని కావున పీల్చిన గాలిని వడకట్టి తిరిగి గదిలోకే పంపుతారు. కడప జిల్లాలో ఆ ఇబ్బంది లేదు. సైక్లోన్ దాటిన గాలిని గొట్టం ద్వారా మిద్దెపైకి తీసుకుపోయి బయటికి వదిలితే ఖరీదైన వడపోత అవసరం తగ్గుతుంది. అయితే ఆ గొట్టం పొరుగువారి కిటికీ వైపుకు, వీధిలోకి, నీళ్ళ తొట్టి వైపుకు ఉండరాదు. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకొని ఉన్న వీధులలో బయటికి వదలడం కంటే మంచి వడపోతే యుక్తమైనది. గాలిని బయటికి పంపే గదిలోకి కొత్త గాలి రావడానికి ఎదురు గోడలో కిటికీ తెరిచి ఉంచవలెను. పనిచేసేటప్పుడు పైకప్పు పంకా ఆపివేయవలెను. అది ధూళిని గది నలుమూలలకు చెదరగొడుతుంది.

విద్యుత్తు, అగ్ని భద్రత

1,500 వాట్ల రౌటర్, 750 వాట్ల పీల్చే యంత్రం కలిసి 230 వోల్టుల వద్ద సుమారు 10 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటాయి. మోటారు మొదలయ్యే క్షణంలో ఇది ఇంకా ఎక్కువ. కాబట్టి దీపాలకు వాడే 6 ఆంపియర్ల ప్లగ్గు కాక, ఎర్త్ కలిగిన 16 ఆంపియర్ల ప్లగ్గు వాడవలెను. పీల్చే యంత్రాన్ని రౌటర్ కంటే ముందు మొదలుపెట్టి, రౌటర్ ఆపిన తరువాత కొన్ని నిమిషాలు నడపవలెను.

పొడి వాతావరణంలో ప్లాస్టిక్ గొట్టం గుండా పొట్టు పోయేటప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. తాకినప్పుడు చురుక్కుమనే ఈ విద్యుత్తు వలన, బిట్టు వద్ద ఉన్నవాడు ఉలిక్కిపడి చేయి జారే ప్రమాదం ఉన్నది. గొట్టం పొడవునా రాగి తీగ చుట్టి దానిని ఎర్త్‌కు కలిపితే ఈ ఇబ్బంది తగ్గుతుంది. మేకులు, లోహపు ముక్కలు పంకాలో పడితే నిప్పురవ్వలు లేవవచ్చును. అవి పొట్టులో పడితే నెమ్మదిగా రాజుకొని గంటల తరువాత మంట కావచ్చును. అందుచేత నిండిన డబ్బాను రాత్రిపూట ఇంటిలో ఉంచక, బయట ఖాళీ చేయవలెను.

పనితీరు పరీక్ష

ఈ ఏర్పాటు ఎంతవరకు పనిచేస్తున్నదో తెలుసుకోవడానికి సులభమైన పద్ధతి ఉన్నది. రాత్రివేళ గదిలో దీపాలు ఆర్పి, బల్ల వెనుక నుండి బలమైన టార్చిలైటు వెలుగును బిట్టు పైభాగం మీదుగా ప్రసరింపజేసి, ఆ వెలుగు కిరణానికి కొద్దిగా పక్కనుండి చూడవలెను. మామూలు వెలుతురులో కనిపించని ధూళి ఆ కిరణంలో మెరుస్తూ కనిపిస్తుంది. ఉదయపు ఎండ కిటికీ సందులో నుండి పడినప్పుడు దుమ్ము కనిపించడానికి కారణం కూడా ఇదే. దీనిని టిండాల్ ప్రభావం అంటారు. కోత పనిని మరొకరు వెలుతురులో ముగించిన వెంటనే దీపాలు ఆర్పి ఈ పరీక్ష చేయవలెను. చీకటిలో రౌటర్‌ను నడపరాదు.

మాస్కు, శుభ్రత

మాస్కు ధూళి సేకరణకు ప్రత్యామ్నాయం కాదు, అదనపు రక్షణ మాత్రమే. ముఖానికి కట్టుకొనే తువ్వాలు, పలుచని గుడ్డ మాస్కు సన్నని ధూళిని సరిగా ఆపలేవు. భారతీయ ప్రమాణం ఐఎస్ 9473 ప్రకారం తయారైన ఎఫ్ఎఫ్‌పి2 మాస్కు గానీ, ఎన్95 మాస్కు గానీ ముఖానికి సందు లేకుండా ధరించవలెను. గడ్డం ఉన్నవారికి మాస్కు అంచు సరిగా ఆనదు. పని తరువాత చీపురుతో ఊడ్చినా, గాలి గొట్టంతో ఊదినా నేలకు చేరిన ధూళి మళ్ళీ లేస్తుంది. తడిగుడ్డతో తుడవడం, వడపోత గల వ్యాక్యూమ్ క్లీనర్‌తో తీయడం మంచిది. పని బట్టలతోనే ఇంటిలోకి వెళ్ళి పిల్లలను ఎత్తుకోరాదు.

చట్టం

భారతదేశంలో ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 14వ సెక్షను, హానికరమైన ధూళి వెలువడే చోట దానిని పుట్టుకకు వీలైనంత సమీపంలోనే పీల్చివేయవలెనని, ఆ స్థానాన్ని సాధ్యమైనంతవరకు మూసి ఉంచవలెనని నిర్దేశించింది. 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరులో ఈ చట్టం స్థానంలో అమలులోకి వచ్చింది. అయితే ఫ్యాక్టరీలకు ఉద్దేశించిన ఈ నిబంధనలు నిర్ణీత సంఖ్యలో కార్మికులు గల చోట్లకే వర్తిస్తాయి. ఒకరిద్దరు పనిచేసే ఇంటి పనిశాలకు తనిఖీ అధికారి రాడు. అక్కడ గాలి ఎలా ఉన్నదో చూసుకొనే బాధ్యత పనిచేసేవానిదే.

పొట్టు వినియోగం

సేకరించిన శుద్ధమైన కొయ్యపొట్టును పొట్టు పొయ్యిలో ఇంధనంగాను, పశువుల, కోళ్ళ కింద పరుపుగాను, పేడతో కలిపి ఎరువుగాను వాడవచ్చును. అతి సన్నని ధూళిని మాత్రం పశువుల, కోళ్ళ కింద వేయరాదు. ప్లైవుడ్, ఎండిఎఫ్, రంగువేసిన చెక్కల పొట్టులో జిగురు, రసాయనాలు ఉంటాయి కనుక దానిని పొయ్యిలో కాల్చరాదు, పశువులకు, మొక్కలకు వాడరాదు. ఈ రెండు రకాల పనులు చేసే పనిశాలలో వేర్వేరు డబ్బాలు ఉంచుకోవడం అవసరం.